మా చందా మామ

మా మేనమామకు తిరుపతి గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. ఆయన మాత్రం అందులో ఉండడు. చంకలో రసీదు పుస్తకం, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని పొద్దన్నే బయలుదేరతాడు. ఒకటి రాయకపోతే, రెండోది వెతికేలోపల ఇచ్చేవాడి మనసు మారిపోతుందట. వ్యాపారస్తులు ఆయనకు పెట్టిన పేరు చందా మామ. ఆకాశంలో ఉండే ఆయనకన్నా నెలకొక అమావాస్య ఉంది.

ఈయన వసూలు చేసేది ఆస్పత్రి సిబ్బంది బాగోగుల కోసం. ఈ పిచ్చి 2020లో, కరోనాతో పాటు పట్టింది. ఆ మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆగిపోయి దాదాపు 80 రోజులు మళ్ళీ మొదలు కాలేదు. యాత్రికుడు రాకపోతే మా ఊళ్ళో లాడ్జీ లేదు, జీపు లేదు, గాజుల అంగడీ లేదు. అందరూ తలుపులేసుకుని ఉన్న పూటలో ఈయన, "మనకు బేరం లేదు, సరే. ఆ నర్సమ్మలకు నిద్రే లేదు గదప్పా" అంటూ లాడ్జీ ఓనర్ల దగ్గర కూడా దుడ్లు రాబట్టి, రాత్రి డ్యూటీ వాళ్ళకు పులిహోర పొట్లాలు మోసినాడు. నిజం చెప్పొద్దూ, అప్పుడు ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

మే 3 దాకా నిలిచింది ఆ గౌరవం. ఆ రోజు దేశమంతా ఆస్పత్రుల మీద హెలికాప్టర్ల నుంచి పూలు చల్లినారు. మామ అది టీవీలో చూసినాడు. మరుసటి రోజు ఒక ఆస్పత్రి ఎదురు మేడెక్కి రెండు గంపల చామంతులు కుమ్మరించినాడు. పారిశుద్ధ్య కార్మికులకు సన్మానమట. ఆ పూలను ఊడ్చిందీ వాళ్ళే.

అప్పటినుంచి ఏటా మే 12న, నర్సుల దినోత్సవానికి, సభ. తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చేదీ ఆ నెలలోనే. కొత్త పుస్తకం అచ్చు వేయించడం దండగని జాతర రసీదు మీద 'అంబలి' కొట్టేసి 'నర్సులు' అని రాస్తాడు. జాతరలో వేషం కట్టినవాడు ఎవరినైనా తిట్టొచ్చు గదా. ఒక బట్టల అంగడాయన బండ వేషంలో వచ్చి, ఏడాదిగా దాచుకున్నదంతా మామ మీద తీర్చుకున్నాడు. మామ మొత్తం విని, "ఆశీర్వాదం అయింది గదా సామీ, ఐదొందలు రాసుకోనా?" అన్నాడు.

చట్టం కూడా తెలుసు ఆయనకు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం లాభంలో రెండు శాతం సేవకు పెట్టాలని గాజులమ్మే ఆమెకు చెప్పినాడు. అది ఏడాదికి కనీసం ఐదు కోట్ల లాభమో, వెయ్యి కోట్ల టర్నోవరో, ఐదొందల కోట్ల నికర విలువో ఉన్న కంపెనీలకని నేను గొణిగితే, "గమ్మునుండు, ఆమెకు రావాల్సిన కాలముంది" అన్నాడు. నాకైతే చట్టం కూడా చెప్పలేదు. నా పేరిట 1,116 రసీదు రాసేసి, "ఇచ్చేసినావు అల్లుడా, సంతోషం" అని ఫోను చేసినాడు.

పోయినేడు శాలువా కప్పించుకున్న ఒక హెడ్ నర్సమ్మ మెల్లగా అనింది: "సార్, ఇంట్లో ఇట్లాంటివి ఆరు ఉండాయి. మే నెలలో ఏం కప్పుకోను? మేం నడుం వాల్చే గదిలో ఫ్యాను లేదు."

మామ నోరు పడిపోయింది. ఇన్నేళ్ళలో ఆమెను ఏం కావాలని అడిగినవాళ్ళెవరూ లేరు. వారంలో ఫ్యాను వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది. దాతలు నలభై మంది, ఫ్యానుకు రెక్కలు మూడు. రుయా ఆస్పత్రిని చూడమంటాడు మామ. బొంబాయి వ్యాపారి ఇంటిపేరు తిరుపతిలో ఆటోవాళ్ళ నోట్లో నానుతోంది, మనకు రెక్క కూడా రాదా అని. పెద్ద దాతలకు రెండు రెక్కలు పోయినాయి. నడిమధ్య గుండ్రం మీద తన పేరు రాయించుకున్నాడు, ఫ్యాను తిరిగినా అది నిలిచి ఉంటుందనే లెక్కతో. అదీ తిరిగింది. ప్రారంభం రోజు ఫోటో కోసం అరగంట ఆపించినాడు. నర్సమ్మలు ఆ శాలువాలతోనే చెమట తుడుచుకున్నారు.

ఇంత రాసినవాణ్ణి, మూడో రెక్క సంగతి దాచడం న్యాయం కాదు. మొన్న తెలిసినవాళ్ళను చూడ్డానికి ఆ ఆస్పత్రికి పోయినాను. ఊరికే ఆ గది వాకిట్లో నిలబడి పైకి చూస్తా ఉంటే, నర్సమ్మ లేచి స్విచ్చి దగ్గరికి నడిచింది.

"మీది ఏ రెక్క సార్?"