కొండ వేరు, సీసా వేరు

మా రోజుల్లో వేరు మట్టిలో ఉండేది. ఇదీ ఒక మాటేనా అని నవ్వుతావు, నవ్వు నాయనా. మొన్న ల్యాబు నుంచి సెలవులకొచ్చిన మా మనవరాలు ఫోనులో ఒక ఫొటో చూపించింది. గాజు ఫ్లాస్కులో నీళ్లు, ఆ నీళ్లలో ఉండచుట్టుకుపోయిన తెల్లటి పీచు. "ఇవి నన్నారి వేళ్లు తాతా" అంది. మరి తీగేదమ్మా అంటే, తీగతో పని లేదట!

మాది శేషాచలం కొండల కింద ఊరు. ఎండలు ముదిరేసరికి ఒక యానాది పెద్దాయన గోతాంలో నన్నారి గడ్డలు మోసుకొచ్చేవాడు. బర్రె సుగంధి అన్నా అదే. ఆయన వీధి మలుపు తిరగకముందే వాసన మా అరుగెక్కేది. అమ్మ గడ్డలు కడిగి, రోకలితో చితక్కొట్టి, నడిమి కట్టె లాగి పారేసి, పైకండ మాత్రం నానబెట్టి కాచేది. పాకం పట్టి నిమ్మకాయ పిండేసరికి పొద్దు వాలిపోయేది. అప్పటిదాకా మేం పిల్లలం ఆ పొయ్యి దగ్గరే కాపలా. మీకేం, సీసా మూత తిప్పితే చాలు, షర్బత్తు.

ఆ వాసనకీ ఒక పేరు పెట్టారు: 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. ఐస్‌క్రీములో వేసే వెనిలిన్‌కు తోబుట్టువట, పరమాణువులు అవే, అమరిక వేరు. ఇక ఆ ఫ్లాస్కులో వేళ్ల సంగతి: అగ్రోబ్యాక్టీరియం రైజోజీన్స్ అనే మట్టిపురుగు మొక్కకు గాయమైన చోట చేరి తన జన్యువుల ముక్కను లోపలికి చొప్పిస్తుంది. అక్కడ వెంట్రుకల్లాంటి వేళ్లు గుబురుగా పుట్టుకొస్తాయి. వాటిని కోసి, మందేసి ఆ పురుగును చంపి, లవణాలూ, లీటరుకు 30 గ్రాముల పంచదారా కలిపిన నీళ్లలో ఊపుతూ ఉంచితే, ఏ హార్మోనూ పొయ్యకుండానే పెరుగుతాయి. ఆ లవణాల పాళ్లు 1962లో మురాషిగీ, స్కూగ్ అనేవాళ్లు పొగాకు కణజాలం కోసం కట్టినవట. కొండ మీద నన్నారి బండల సందున ఎండకు మాడుతూ ఏళ్లకేళ్లు ఊరేది. వీటికేమో 25 డిగ్రీల చల్లని గది, పంచదార పానకం! ఇంత గారాబంగా పెరిగిన వేరుకు ఆ ఘాటు ఎలా వస్తుందని మనవరాల్ని నిలదీశాను.

"కొండ మీద ఇంకా ఉందా తాతా?" అని అడిగిందది. నోరు పెగల్లేదు నాకు. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే తీగ పోతుంది. ఆ యానాది పెద్దాయన ఒక గడ్డ వదిలి, మన్ను కప్పి లేచేవాడు. తర్వాత తూకానికి కొనేవాళ్లొచ్చారు. వాళ్లనేం, పదహారేళ్లప్పుడు తలకోన దారిలో ఒక తీగ కనబడితే గడ్డపారతో ఆఖరి గడ్డదాకా పెకలించాను నేను. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మరుసటేడు పోయి చూస్తే గుంట మిగిలింది. ఆ గుంట ఇప్పటికీ కళ్లలో ఉంది. నన్నారి ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఉంది.

ఆ ఫ్లాస్కు ఒకటి ఇంటికి తెమ్మన్నాను. జన్యువులు మారిన వేళ్లు, ల్యాబు దాటించకూడదంది, నన్నే రమ్మంది. వేరు వాసన కోసం కొండెక్కినవాణ్ణి, ఇప్పుడు బస్సెక్కాలి. సోమవారం పొద్దున్నే బయల్దేరుతున్నాను. మూత తియ్యనీ, కళ్లు మూసుకుని చెప్తాను అది నన్నారో కాదో.