పొగగొట్టంలో ముక్కు: ఒక గృహస్థు ఫిర్యాదు

ఈ దేశంలో గృహస్థుడి కష్టాలు వినడానికి కోర్టులున్నాయి, కమిషన్లున్నాయి, వినియోగదారుల ఫోరాలున్నాయి. కొడుకు కారుకి ఆక్సిజన్ సెన్సర్ కొనిపెట్టాల్సి వచ్చిన తండ్రి మొర ఆలకించే నాథుడు మాత్రం లేడు. అందుచేత ఈ ఫిర్యాదును పాఠక మహాశయుల సముఖంలోనే దాఖలు చేసుకుంటున్నాను.

వివాదాస్పద వస్తువు చూడ్డానికి వేలెడంత. ఇంజిన్లోంచి పొగ వెళ్ళే గొట్టానికి స్పార్క్ ప్లగ్గులా బిగిస్తారు. లోపల ప్లాటినం పూత పూసిన జిర్కోనియా పింగాణీ ముక్క ఉంటుంది. బాగా వేడెక్కాక అది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బయటి గాలితో పోల్చి చూసి కాస్తంత కరెంటు పుట్టిస్తుంది. పెట్రోలు ఎక్కువ తగలబడుతుంటే 0.9 వోల్టుల దరిదాపు, గాలి ఎక్కువైతే 0.1. కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి అనే లెక్క తప్పకుండా ఇంజిన్ కంప్యూటర్ దీని మాట వింటూ సర్దుకుంటుంది.

అంటే ఇంట్లో నేను చేసే పనే. ఎక్కడ దుబారా అవుతోందో వాసన పట్టి చెప్పడం. తేడా ఒక్కటే. బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సర్ని అమెరికాకి పంపే వోల్వో కార్లలో 1976లో మొదటిసారి పెట్టారు. వయసులో నాకంటే చిన్నది. అయినా దాని మాట క్షణక్షణం చెల్లుబాటవుతుంది. నేను నోరు తెరిస్తే టీవీ సౌండు పెంచుతారు.

మామూలు బండికైతే ఇంత రామాయణం లేదు. పాతదాని మీదున్న పార్టు నంబరు చూసి అదే తెచ్చి బిగిస్తే సరి. కానీ మావాడి బండి మామూలు బండిగా ఉండి చాలాకాలమైంది. టర్బో దగ్గర గొట్టం తీయించి లావు గొట్టం వేయించాడు. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ని పీకించేశాడు. కంప్యూటర్లో లెక్కలన్నీ తిరగరాయించి దానికి 'స్టేజ్ టూ' అని పేరు పెట్టుకున్నాడు. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చదివి వినిపించాను. "అందరూ చేయిస్తారు నాన్నా" అన్నాడు. ఆ సెక్షన్లో అటువంటి మినహాయింపు నాకు కనబడలేదు.

ఇంతలో ఇంజిన్ లైటు వెలిగింది. సెన్సర్ పోయిందన్నారు. విప్పి చూస్తే దాని మూతి నల్లగా మసిబారి ఉంది. పెట్రోలు ఎక్కువ పోసేలా లెక్క తిరగరాస్తే మసి పట్టక విభూతి పడుతుందా? సైలెన్సర్ అతుకులకి ఎవరైనా సిలికాన్ గమ్ము పూసుంటే తెల్లటి పొడి పేరుకునేదట. ఏ రంగైనా ఖర్చు నాదే.

ఎంపిక విషయానికొస్తాను. అసలు బాధంతా అక్కడే ఉంది. సెన్సర్లలో నేరోబ్యాండ్, వైడ్‌బ్యాండ్ అని రెండు తెగలు. మొదటిది 14.7 దగ్గర నిలబడి అటో ఇటో చెబుతుంది తప్ప ఎంత దూరమో చెప్పలేదు. టర్బో బండిని అంటించి తొక్కినప్పుడు లెక్క 12 దగ్గరికి దిగాలి కాబట్టి, ఇంజిన్ పేలకుండా ట్యూనింగ్ చేసేవాడికి రెండోది కావాలి. అలాగని మొదటిదాని స్థానంలో రెండోదాన్ని బిగించేస్తే కంప్యూటర్ దాని భాష అర్థంకాక గుడ్లు తేలేస్తుంది. కొన్ని బండ్లకి కంపెనీ నుంచే వైడ్‌బ్యాండ్ వస్తుంది, అది వేరే సంగతి. కాబట్టి కంప్యూటర్‌కి పాతదాని రకమే పెట్టి, ఈ లెక్క చూపించే మీటర్ (గేజ్) కోసం గొట్టానికి మరో రంధ్రం పెట్టించి, వెల్డింగ్ చేయించి వైడ్‌బ్యాండ్ ఇంకోటి పెట్టాలి. ఒకటి కొనడానికి బయల్దేరిన వాణ్ణి, రెండింటికి వచ్చాను.

రాణీగంజ్‌లో ఒక కొట్టుకెళ్తే ఆయన తలెత్తకుండా అడిగాడు: "ఫోర్ పాయింట్ టూ కావాల్నా సార్, ఫోర్ పాయింట్ నైనా?"

"ఏది మంచిది?" అన్నాను.

"మీ గేజ్ ఏదంటే గదే మంచిది సార్."

ఈ వేదాంతానికి భాష్యం మావాడు ఇంటికొచ్చాక చెప్పాడు. బాష్ ఎల్ఎస్‌యూ 4.2, 4.9 అనేవి ఒకే ఇంటి పిల్లలైనా ఒకదానికి చేసిన గేజ్ కంట్రోలర్ ఇంకోదానితో కాపురం చేయదట. తీగలు ఐదు, కనెక్టర్లో పిన్నులు ఆరు. ఆ ఆరోదాని దగ్గర ఆ ఒక్క సెన్సర్ కోసమే కొలిచి పెట్టిన చిన్న రెసిస్టరు ఉంటుంది. కనెక్టర్ కోసి పాతది అతికిస్తే కొలత గల్లంతు.

పోనీ నేరోబ్యాండ్‌లో చవగ్గా దొరికే 'యూనివర్సల్' రకం తీసుకుందామంటే దానికి కనెక్టరే రాదు; తీగలు మనమే కలుపుకోవాలి. బాష్ వాటిలో తెల్లవి రెండూ హీటరువి, నల్లది సిగ్నలు, బూడిదరంగుది గ్రౌండు. డెన్సో వాళ్ళ రంగులు వేరు. పైగా చాలా సెన్సర్లు పోల్చిచూసే బయటి గాలిని తీగల సందుల్లోంచే పీల్చుకుంటాయట. మన ఎలక్ట్రీషియన్ ఉత్సాహంగా సోల్డరింగ్ చేసి సీలు వేస్తే దానికి ఊపిరాడదు. ముక్కుకి ముక్కు ఉంటుందని నాకెవరు చెప్పారు?

ఇదంతా కన్వర్టర్‌కి ముందుండే సెన్సర్ కథ. కంపెనీ పెట్టే ఇంకోటి కన్వర్టర్ వెనకాల ఉంటుంది. కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని కాపలా కాయడం దాని ఉద్యోగం. ఇక్కడ కన్వర్టరే లేదు! అయినా కంప్యూటర్‌కి అనుమానం రాకుండా ఆ సెన్సర్‌కి కింద ఒక స్పేసర్ పెట్టి, పొగకి దూరంగా ఎత్తి కూర్చోబెడతారు. పొగ సరిగా తగలక అది అంతా సవ్యంగా ఉందనుకుంటుంది. కాపలాదారుణ్ణి మేడెక్కించి, కింద ఇల్లు ఖాళీ చేసే పద్ధతి ఇది. ఇంత మోసం చేయబోయే వాడికి సెన్సర్ మాత్రం నకిలీది పనికిరాదట, ఒరిజినలే కావాలట.

ఇక మీటర్ సంగతి. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. దాని సరైన లెక్క 14.7 కాదు, 13.5కి కాస్త అటూఇటూ. కానీ గేజ్ మాత్రం 14.7 అనే చూపిస్తుంది. ఎందుకంటే సెన్సర్ కొలిచేది సరైన నిష్పత్తికి ఎంత దూరంలో ఉన్నామన్నదే. అంకెలు పాత పెట్రోలు లెక్కలో రాసిపెట్టినవి. వేలు పోసి కొన్న మీటర్ మీద అంకెని నమ్మకూడదని మావాడే సెలవిచ్చాడు.

కావున పాఠకులు దయతలచి ఈ కింది ఉపశమనం ఇప్పించాలి. పాత సెన్సర్ గొట్టానికి తుప్పుతో పట్టేసింది. దాన్ని తీయడానికి తీగ దూరే గాడి ఉన్న 22 నంబరు సాకెట్ వేరే కొనాలంటున్నారు, ఆ ఖర్చు ముద్దాయి భరించాలి. కొత్తదాని మరలకి రాసే పేస్టు మూతికి అంటించి దాన్ని చంపరాదు. పీకేసిన కన్వర్టర్ మా అటక మీద పాత అట్టపెట్టెలో ఉంది, దాన్ని యథాస్థానంలో బిగించాలి.

ఈ చివరి కోరిక మీద ముద్దాయి తరఫున మా అమ్మ అప్పుడే వకాల్తా పుచ్చుకుంది. పెద్ద టర్బో వేయిస్తే ఈ సెన్సర్ గొడవే ఉండదని మనవడు చెప్పాడట. తన పింఛను పాసుపుస్తకం ఎక్కడ పెట్టావురా అని నన్నే అడుగుతోంది.