ముందు లాభం చూపు, తర్వాతే మిషను!

పూచీకత్తు అక్కర్లేని ముద్ర రుణాలంటూ 2015 నుంచి ఊదరగొడుతున్నారు. శిశు రూ.50 వేల దాకా, కిశోర్‌ రూ.5 లక్షల దాకా, తరుణ్‌ రూ.10 లక్షల దాకా. పేర్లు వింటే అప్పు దానంతటదే ఎదిగి చేతికందేలా ఉంది. పేపర్‌ ప్లేట్ల మిషను కొందామని బ్యాంకు మెట్లెక్కిన కుర్రాడి సంగతి చూడండి.

‘‘కొటేషన్‌?’’ ఇచ్చాడు.

‘‘ఉద్యం రిజిస్ట్రేషన్‌?’’ చూపించాడు.

‘‘మూడేళ్ల ఐటీ రిటర్నులు?’’

‘‘మిషనొస్తేనే కద సార్‌ వ్యాపారం!’’

‘‘వ్యాపారం చూపిస్తేనే కదయ్యా మిషను!’’

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు!

చిన్న సంస్థలను రూ.10 లక్షల దాకా తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. మేనేజరు గారూ అడగలేదు. ‘‘మీ నాన్నగారి పేరున స్థలమేమైనా ఉందా?’’ అని కుశలం కనుక్కున్నారంతే! ఈలోగా కొటేషన్‌ గడువు తీరింది, మిషను ధర పెరిగింది, ఫైలు మళ్లీ మొదటికొచ్చింది.

2024 బడ్జెట్‌లో తరుణ్‌ ప్లస్‌ పేరిట పరిమితిని రూ.20 లక్షలకు పెంచారు. కాకపోతే అది తరుణ్‌ అప్పు తెచ్చుకుని తీర్చేసినవాళ్లకే. మనవాడింకా శిశువు కూడా కాలేదాయె!

చివరికి వీధి చివరి ఫైనాన్సు వ్యాపారి ఏ కాగితమూ అడక్కుండా, వడ్డీ ముందే కోసుకుని మిగతా సొమ్ము చేతిలో పెట్టాడు. మిషనొచ్చింది, ప్లేట్లు తయారవుతున్నాయి. వాటిలో వడ్డించుకు తింటున్నది మాత్రం ఆ వడ్డీ వ్యాపారే!