బోరు ఎండినవాళ్లు వినకూడని సలహాలు

క్వారీ పక్కనున్న ఊళ్లో ఇంటి బోరు ఆగిపోతే సలహాలకు కొదవుండదు. చెప్పేవాళ్లలో చాలామంది మన మేలు కోరేవాళ్లే. కానీ ఆ మాటలు వింటే ఇంటివాళ్ల డబ్బు పోతుంది, బాధ్యత క్వారీ మీంచి జారిపోతుంది.

‘ఇంకో వంద అడుగులు దించండి.’ ముందుగా వినిపించేదీ, ఎక్కువ ముంచేదీ ఇదే. చీమకుర్తి వైపైనా, కరీంనగర్ వైపైనా మన గ్రానైట్ నేలల్లో నీళ్లుండేది పైనున్న మెత్తబడిన రాతిపొరలో, దాని కింది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గి గట్టిరాయి తగులుతుంది. క్వారీ గుంత నీటిమట్టం దాటి దిగితే చుట్టుపక్కల పగుళ్లలోని నీళ్లు అందులోకి ఊరతాయి. గుంత పొడిగా లేకపోతే రాయి కోయలేరు, అందుకని మోటార్లు పెట్టి తోడేస్తారు. గుంత దిగినకొద్దీ మట్టం దిగుతుంది. ఆ పరుగులో ఇంటి బోరు గెలవదు. పైగా ప్రకాశం, నల్లగొండ లాంటి చోట్ల లోతు నీళ్లలో ఫ్లోరైడ్ భయం ఉండనే ఉంది. అప్పు చేసి బోరు దించేముందు ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో అడగండి.

‘పేలుళ్ల వల్లే ఎండిందని రాయండి.’ అర్జీని బలహీనపరిచేది ఈ సలహానే. పేలుడు ఊరందరికీ వినిపిస్తుంది, కాబట్టి కోపమంతా దాని మీదికే పోతుంది. పేలుడుకు గోడలు బీటలివ్వచ్చు, నీళ్లు బురదగా రావచ్చు. మట్టం నెలనెలా దిగిపోతుంటే మాత్రం ముందు అనుమానించాల్సింది క్వారీ నీళ్లు తోడటాన్ని. ఎన్ని మోటార్లు, ఏ వేళల్లో నడుస్తున్నాయి, నీళ్లు ఏ వాగులోకి వదులుతున్నారు అన్నది రాయండి.

‘వానలు లేవు, ఎవరినని ఏం లాభం?’ కరువైతే మండలమంతా బోర్లు దిగుతాయి. గుంతకు దగ్గరివి ముందు ఎండి, మంచి వానలు పడ్డాక కూడా కోలుకోకపోతే తప్పు వానది కాదు. క్వారీ మోటార్లు కొన్నాళ్లు ఆగినప్పుడు వానలు లేకుండానే మీ మట్టం పెరిగిందా? అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

‘ట్యాంకరు పంపిస్తున్నారుగా, సంతకం పెట్టెయ్యండి.’ ట్యాంకరు నీళ్లు పట్టుకోండి, సంతకం మాత్రం పెట్టకండి. అభ్యంతరం లేదన్న కాగితం ఆ ఇంటి గొంతు నొక్కేస్తుంది.

‘వాళ్ల నేల కింది నీళ్లు వాళ్లిష్టం.’ ఈ మాటకు పాత చట్టాల అండ ఉంది. 1843లో ఇంగ్లండులో యాక్టన్–బ్లండెల్ కేసులో గని తవ్వకం వల్ల బావి ఎండినా పరిహారం రాలేదు. మన 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలోనూ అదే ధోరణి. కానీ కథ అక్కడ ఆగలేదు. 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం నష్టం చేసినవాడే భరించాలన్న సూత్రాన్ని పాటించమంటుంది. పర్యావరణ నష్టానికి పరిహారం కోసం కారణం తలెత్తిన ఐదేళ్లలోపు దరఖాస్తు చేయాలి. మన ప్రాంతానికి బెంచి చెన్నైలో ఉంది. అమెరికాలోని మేరీలాండ్ ఇంకా ముందుకెళ్లింది. అక్కడ కొన్ని కౌంటీల్లో, సున్నపురాయి క్వారీ నీళ్లు తోడటం ప్రభావం పడే పరిధిని ప్రభుత్వం గీస్తుంది. ఆ పరిధిలో తోడటంవల్ల ఎండిన బావికి బదులు నీళ్లు క్వారీయే ఇవ్వాలి. ఇక్కడ కూడా న్యాయం అదే. లోతు లెక్కలు, తోడే లెక్కలు అన్నీ క్వారీ చేతిలో పెట్టి, ఒక ఇల్లాలిని రుజువు చేయమనడం అన్యాయం.

అలాంటి నియమం ఇక్కడ చట్టమయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. పర్యావరణ అనుమతి ఉన్న క్వారీ 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది జనం చూడదగ్గ పత్రమే. దాన్నీ, తవ్వకం ప్రణాళికనీ సమాచార హక్కు కింద అడగండి. బోరు ఇంకా పనిచేస్తున్నవాళ్లకు ఒక్క విన్నపం: రాత్రంతా మోటారు ఆపి, పొద్దున్నే మట్టం కొలిపించి తేదీతో రాసుకోండి. ఎండిపోయాక ఆ లెక్క ఎవరూ తెచ్చివ్వలేరు.