బానెట్ బాబాయి

ప్రతి కుటుంబంలోనూ ఒక బానెట్ బాబాయి ఉంటారు. మీ ఇంట్లో లేరంటే మీకు కారన్నా ఉండి ఉండదు, లేదా ఆ బాబాయి మీరే అయి ఉంటారు. ఉద్యోగం ఏదైనా కావచ్చు. రెవెన్యూలో చేసి రిటైరైనవారు, హైస్కూల్లో లెక్కలు చెప్పినవారు, ఎరువుల కొట్టు నడిపేవారు, ఎవరైనా సరే. నడుస్తున్న బండి కాస్త నీరసించి, ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా ముందుకు పోనని మొరాయిస్తే చాలు, ఆయన చొక్కా చేతులు మడిచేస్తారు.

పూర్తిగా ఆగిపోయిన బండి మీద ఆయనకు అంత మోజు లేదు. దాన్ని తోయాలి, అది నడుం నొప్పి వ్యవహారం. పంక్చరైన బండి అంతకన్నా రుచిలేనిది. స్టెప్నీ మార్చడమే తప్ప వాదనకు చోటుండదు. పికప్ పోయిన బండి సంగతి అలా కాదు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు కదులుతూనే ఉంటాయి, లాగడం మాత్రం ఉండదు. గాలి, చమురు, నిప్పురవ్వ, ఈ మూడింటిలో ఏది తగ్గినా అదే జబ్బు. క్లచ్ ప్లేట్ అరిగి జారినా అదే, బ్రేకు పట్టేసి చక్రం బిగుసుకున్నా అదే, సైలెన్సర్ దారిలో మసి పేరుకుపోయినా అదే. లక్షణం ఒకటి, కారణాలు బోలెడు. మాట్లాడే మనిషికి అంతకన్నా కావలసిందేముంది?

మా బాబాయి పరీక్షకు ఒక వరస ఉంది. నాడి పట్టుకునే ముందు వైద్యుడు అడిగినట్టు మొదట తిండి సంగతి అడుగుతారు. "డీజిల్ ఎక్కడ కొట్టించారు?" మీరు ఏ ఊరి బంకు పేరు చెప్పినా "అనుకున్నా!" అంటారు. ఆంధ్రదేశంలో కల్తీ లేని బంకు ఒక్కటే ఉంది, అది ఆయన కొట్టించుకునేది. పెట్రోలు బండైతే ఈమధ్య ఆయనకు ఇంకో ఆయుధం దొరికింది. దేశమంతా పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపి పోస్తున్నారు గదా, దాని మీద తోసేయొచ్చు. ఇథనాల్లో శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువన్న మాట నిజమే. ఆ లెక్కన మైలేజీ కొంచెం తగ్గుతుంది. అంతేగానీ నిన్నటిదాకా వంద మీద పోయిన బండి ఇవాళ పొద్దున్నే నలభై దగ్గర చతికిలబడడానికి పాపం చెరుకు రసం ఏం చేస్తుంది? ఈ ప్రశ్న ఆయన్ని అడిగితే "నీకు తెలీదు, ఊరుకో" అంటారు. 

తరవాత ఆయిల్ పుల్ల. ఇంజన్ ఆయిల్‌కీ పికప్‌కీ ఆ క్షణాన ఏ సంబంధమూ లేకపోవచ్చు, అయినా పుల్ల లాగి తీరాలి. జేబులోంచి తెల్ల రుమాలు తీసి తుడుస్తారు. మళ్ళీ ముంచి లాగుతారు. చివర ఉన్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వేళ్ళు మెల్లగా విడదీసి, అది తీగ సాగుతుందో లేదో వెలుగుకి పెట్టి చూస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఈ ఘట్టంలో మూగే జనానికి ఆయన మీద అపారమైన గౌరవం కలుగుతుంది. మా పిన్నికి మాత్రం ఆ రుమాలు మీద బెంగ. వాళ్ళింట్లో నల్ల మచ్చ లేని రుమాలు నేనెప్పుడూ చూడలేదు.

ఆయన్ని పూర్తిగా తీసిపారేయడానికి లేదు. ఆయనకూ ఒక స్వర్ణయుగం ఉండేది. 1950ల చివర్లో మొదలై 2014 మేలో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ ఆయన కాలేజీ, యూనివర్సిటీ. రోహిణీ కార్తె మధ్యాహ్నం ఆ బండి రోడ్డు మీద దగ్గి, ముక్కి, బలం కోల్పోయేది. ఇంజన్ వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోయి, కార్బొరేటర్‌కి చమురు బదులు బుడగలు వెళ్ళేవి. బాబాయి దిగి, మరచెంబులో నీళ్ళతో తువ్వాలు తడిపి పంపు మీద చుట్టేవారు. పావుగంటలో బండి లేచేది. జెట్టులో నలక పడితే విప్పి నోటితో ఊదేవారు. పాయింట్లు మసిబారితే గరుకు కాగితంతో రుద్దేవారు. అప్పట్లో బానెట్ ఎత్తితే లోపల మనిషి కూర్చునేంత ఖాళీ, ఏ భాగం ఎక్కడుందో కంటికి కనిపించేది. పెళ్ళిబస్సు దారిలో నిలిచిపోతే డీజిల్ పైపు నట్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలన్నీ పోయేదాకా ఎయిర్ తీసి, ముహూర్తానికి పెళ్ళికొడుకుని దింపిన ఘనత ఆయనది. ఆ కథ మేమంతా విన్నాం. ఇంకా వింటూనే ఉన్నాం.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800నీ ఆయన ఎలాగో లొంగదీసుకున్నారు. 2000 ప్రాంతంలో కార్బొరేటర్లు పోయి, చమురు ఎంత చిమ్మాలో కంప్యూటరే లెక్కగట్టడం మొదలయ్యాక ఆయనకు గడ్డురోజులు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చి డీజిల్ బండి పొగగొట్టానికి మసి వడగట్టే ఫిల్టరు తగిలించింది. ఊళ్ళోనే చిన్నచిన్న దూరాలు తిప్పే బండికి ఆ మసి కాలక, మూసుకుపోయి, బండి నీరసపడుతుంది. హైవే మీద కాసేపు వేగంగా తోలితే చాలాసార్లు అదే కాలి శుభ్రపడుతుంది. అంటే ఈ రోగానికి మందు బానెట్ ఎత్తడం కాదు, దించి తోలడం. ఇంతకన్నా అవమానం ఆయనకు ఇంకేముంటుంది! అదీగాక ఈ కాలపు బానెట్ ఎత్తితే ఇంజన్ కనబడదు, దాని మీద నల్లటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. బాబాయి ఆ మూత మీద రెండు దెబ్బలు కొట్టి చూస్తారు. ఏమీ చెప్పదు.

ఇక ఘాట్ రోడ్డు సంగతి. పోయిన కార్తీకంలో శ్రీశైలం బయల్దేరాం. బావ తోలుతున్నాడు, బాబాయి ముందు సీటు. ఆయన ముందు సీట్లోనే కూర్చుంటారు, దానికి చర్చ లేదు. దోర్నాల దాటి నల్లమల ఎక్కుతుండగా ఒక మలుపులో బండి గుంజుకుని మెత్తబడింది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది. మూడో గేర్లో ఎంత తొక్కినా ముల్లు పైకి లేవదు.

"అల్లుడుగారూ, గేరు దించండి."

దించాడు.

"ఏసీ ఆపండి."

ఆపాడు.

"ఇంకొంచెం తొక్కండి."

"నేలకి ఆనింది మామయ్యగారూ."

ఇక్కడున్న చిక్కు గమనించాలి. సొంత కొడుకైతే "ఒరేయ్, నీకు తోలడం చేతకాదురా" అని ఒక్క మాటతో తేల్చేవారు. అల్లుణ్ణి అనడానికి లేదు. "నోరు మూసుకోండి" అనడానికి అల్లుడికీ లేదు. కాబట్టి ఆ కారులో ఎంతో మర్యాదగా, గార్లు చేరుస్తూ, మంట మండింది. మలుపు దాటాక కాస్త వెడల్పున్న చోట ఎడమ పక్కకి తీసి ఆపాడు బావ. నాలుగు లైట్లూ వెలిగించి, వెనక కొంతదూరంలో ఎర్ర త్రికోణం పెట్టడానికి నడిచాడు. బాబాయి ఈలోగా బానెట్ తెరిచే మీట కోసం వెతుకుతూ డీజిల్ ట్యాంకు మూత తెరిచారు.

పిన్ని ఇలాంటి వేళల్లో బానెట్ వంక చూడదు. బండి మొదటి కుదుపుకే పులిహోర గిన్నె ఒళ్ళోకి తీసుకుంది. కోతుల భయానికి అద్దాలు పైకి ఎత్తించి అందరికీ విస్తరాకుల్లో పెట్టింది. "తినండి, ఆయన తేల్చేసరికి ఆకలేస్తుంది" అంది. శ్రీశైల శిఖరం చూస్తే పునర్జన్మ ఉండదంటారు గదా, ఈ బండి ఇంకా శిఖరం చూడలేదు గనక దీనికి ఆశ ఉందని అక్క చమత్కారం.

బాబాయి బయట తీర్పులు మొదలుపెట్టారు. మొదట డీజిల్ కల్తీ. తరవాత ఫిల్టర్ జామ్. ఆపైన ఇంజెక్టర్లు. "లైన్లో ఎయిర్ పట్టింది, సందేహం లేదు" అన్నారు. మరో నిమిషానికి క్లచ్ అన్నారు. క్లచ్ జారితే ఇంజన్ గోల పెరిగి బండి వేగం పెరగదనీ, మనకు గోల కూడా పెరగలేదనీ బావ నెమ్మదిగా అన్నాడు. "అందుకే క్లచ్ కాదంటున్నాను" అన్నారాయన. ఈ పద్ధతిని నేను కొన్నేళ్ళుగా చూస్తున్నాను. బండిలో ఉన్న భాగాలన్నిటి పేర్లూ ఒకసారి చదివేస్తారు. రేపు షెడ్డులో ఏది తేలినా అది ఆయన ముందే చెప్పిందే అవుతుంది.

అంతలో కొండ దిగివస్తున్న కారొకటి ఆగింది. ఖమ్మం వైపువాళ్ళు. అందులోంచి ఇంకో బానెట్ బాబాయి దిగారు.

"ఏమైంది సార్, గుంజుతలేదా?"

మా బాబాయి మొహంలో రంగు మారింది. ఒక బానెట్ కింద ఇద్దరు పట్టరు. వచ్చినాయన కొత్త తరం, ఫోనులో వీడియోలు చూసి చదువుకున్నవారు. "సెన్సర్ కొట్టింది సార్. ఈజీఆర్ సూడాలె" అన్నారు. మా బాబాయి సెన్సర్లను నమ్మరు. "సెన్సర్ లేని రోజుల్లో బళ్ళు కొండలెక్కలేదాండీ?" అని అడిగారు. "ఎక్కినయి సార్, ఎంత పొగ ఇడిసినయో సూడలేదా?" అని జవాబు. ఇద్దరూ రోడ్డుకి వీపు పెట్టి, తలలు లోపల పెట్టి, ఘోరంగా వాదించుకున్నారు. ఘాట్ రోడ్డు మీద నిజంగా ప్రమాదకరమైన భాగం ఇదే. పికప్ పోయిన బండి కన్నా, వెనక లారీ వస్తున్నది చూడని ఇద్దరు పెద్దమనుషులు ఎక్కువ ప్రమాదం. బావ వెళ్ళి ఇద్దర్నీ మర్యాదగా భుజాలు పట్టుకుని గోడ పక్కకి జరిపాడు. నేషనల్ హైవేల వాళ్ళ 1033కి ఫోన్ చేద్దామా అన్నాను. అడవిలో సిగ్నల్ లేదు. ఉన్నా మా బాబాయి ఒప్పుకునేవారు కాదు. "నేనుండగా ఫోనెందుకు?"

వాదన ఎయిర్ ఫిల్టర్ దాకా వచ్చేసరికి బావ వెళ్ళి సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ మామూలుగా అందుకుంది. లాగింది. ఇద్దరు బాబాయిలూ ఒకరికొకరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నారు, ఎవరి గెలుపుకి వారు.

జరిగింది ఇది. కొలతల్లో ఏదో తేడా కనబడగానే కంప్యూటర్ ఇంజన్ను కాపాడుకోవడానికి చమురూ గాలీ కట్టడి చేస్తుంది. మెకానిక్కులు లింప్ మోడ్ అంటారు. కాసేపు ఆపి తిరిగి స్టార్ట్ చేస్తే చాలా బళ్ళలో ఆ కట్టడి తాత్కాలికంగా పోతుంది. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అందుకని బావ ఎక్కువ తొక్కకుండా, నిదానంగా కొండెక్కించాడు. దర్శనం బాగా అయింది.

ఇంటికొచ్చాక విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాం. కుర్రాడు, మీసాలు ఇంకా సరిగా రాలేదు. స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చి, తెర మీద కోడ్ చదివి, కిందకి దూరి, టర్బో నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టాన్ని చేత్తో ఊపాడు. క్లిప్పు వదులైంది. తొక్కినప్పుడల్లా ఇంజన్లోకి పోవలసిన గాలి బుస్సుమని బయటికి పోతోంది. క్లిప్పు మార్చి, బిగించి, కోడ్ చెరిపి, టీ తాగడానికి పోయాడు.

బాబాయి మా వైపు తిరిగారు. "గాలి అన్నానా, లేదా?"

అన్నారు. ఎవరూ కాదనలేకపోయాం. ఆయన చెప్పింది డీజిల్లోకి దూరకూడని గాలి, ఇక్కడ జరిగింది బయటికి పోకూడని గాలి పోవడం. కానీ నడిబజార్లో, ఆ వయసు మనిషికి, గాలిలో రకాలు వివరించే ధైర్యం ఎవరికుంది? ఆయన ఆ రోజు ఆటోనగర్ నుంచి ఇల్లు చేరేదాకా ఫోనులో బంధువులందరికీ ఆ వార్త చేరవేశారు.

ఈమధ్య బావ ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. మొన్న ఊరి చివర బ్యాటరీ అడుగంటింది. తెర మీద తాబేలు బొమ్మ వెలిగి బండి నత్తనడక పట్టింది. చార్జింగ్ పాయింట్ కనిపించేంత దూరంలోనే ఉంది, పాకించుకుంటూ పోదాం అన్నాడు బావ. బాబాయి అప్పటికే దిగిపోయి బానెట్ ఎత్తించారు. చెవి ఆనించి విన్నారు. కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నారు.

"శబ్దమే లేదు అల్లుడుగారూ. ఇదిగో, ఇక్కడుంది అసలు జబ్బు."

"ఇందులో ఇంజన్ ఉండదు మామయ్యగారూ."

"ఉండకపోతే ఇంత వేడెందుకు పుట్టింది? ఏమేవ్, ఆ నీళ్ళ సీసా, తువ్వాలు ఇలా ఇయ్యి" అని పిన్నిని కేకేశారు. తడిగుడ్డ మాట వినగానే బావ ఒక్క అంగలో వచ్చి, మామగారి చేతులు పక్కకి తీసి, బానెట్ ధబాల్న మూసేశాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన మాట కాదనడం అదే మొదలు. మేమంతా నోట మాట లేకుండా చూస్తున్నాం.

బాబాయి రుమాలుతో చేతులు తుడుచుకుని ముందు సీట్లో కూర్చున్నారు.

"మూశారా? మంచిపని చేశారు. కాస్త గాలి తగిలిందిగా, ఇక లాగుతుంది చూడండి."