మా రోజుల్లో చుక్క గుండ్రంగా ఉండేది

ఈ కాలం పిల్లలకి టెలిస్కోపులో నక్షత్రం కాస్త వంకరగా కనబడితే చాలు, తీర్పు చెప్పేస్తారు. "తాతగారూ, అద్దం పోయిందండీ. ఎవరికైనా అమ్మేసి కొత్తది తెప్పించుకుంటా" అన్నాడు మా పైఅంతస్తు కుర్రాడు. పోవడానికి అదేమన్నా బల్బా? పాత ఆరంగుళాల న్యూటోనియన్, అంటే అద్దాల టెలిస్కోపు. గొట్టం తుప్పు పట్టిందే గానీ, లోపలిది చేత్తో అరగదీసిన అద్దం. కార్బోరండం పొడితో మొదలెట్టి సీరియం ఆక్సైడు మెరుగు దాకా ఏ మహానుభావుడో దాని చుట్టూ వారాల తరబడి ప్రదక్షిణాలు చేసి ఉంటాడు. పైన అల్యూమినియం పూత మాసితే చుక్క మసకబారుతుంది గానీ వంకరగా కనబడదు. పూత మళ్లీ వేయించుకోవచ్చు కూడా.

మా రోజుల్లో రోగమేమిటో చుక్కనే అడిగేవాళ్లం. ఏ చుక్కని అడగాలో కూడా తెలిసుండాలి. ఇంగ్లీషు పుస్తకాలు ధ్రువ నక్షత్రం వైపు తిప్పమంటాయి, అది కదలదు గనక. వాళ్ల లండన్‌లో అది సగం ఆకాశం పైన ఉంటుంది. మన హైదరాబాదులో 17 డిగ్రీల ఎత్తే. ఊరి దుమ్మూ వేడిగాలీ అన్నీ దాని ముందే. మనకి స్వాతి ఉంది. వేసవి రాత్రుల్లో దాదాపు నడినెత్తికి వస్తుంది. పరిగెడుతుంది, నిజమే. గొట్టం చేత్తో నెట్టుకుంటూ చూడాలి. మాకు మోటార్లెక్కడివి? పైగా స్వాతి ఎంత ఊరి వెలుగులోనైనా కనబడుతుంది. ఒకప్పుడు బేగంపేటలో నిజామియా వేధశాల 15 అంగుళాల దూరదర్శినితో ఆకాశం చూసిందంటే ఇప్పుడెవరు నమ్ముతారు? పక్కన అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూస్తే చుక్కలకే చదువు చెప్పేటట్టున్నాయి.

సరే, స్వాతిని పట్టాక ఫోకస్ కొంచెం లోపలికి, కొంచెం బయటికి తిప్పాలి. చుక్క వలయాలుగా విచ్చుకుంటుంది. మధ్యలో చిన్నద్దం నీడ ఒక పక్కకి జరిగి ఉంటే అద్దాలు ఒకదానికొకటి ఎదురుగా లేవన్నమాట. వెనక స్క్రూలు సవరించుకోవాలి. లోపలికి తిప్పితే నిలువు కోడిగుడ్డు, బయటికి తిప్పితే అడ్డం కోడిగుడ్డు అయిందా, అది ఆస్టిగ్మాటిజం. వెంటనే అద్దాన్ని తిట్టకూడదు. ముందు నీ తల వంచి చూడు. గుడ్డు కూడా వంగితే తప్పు నీ కంటిది. తర్వాత ఐపీస్ తిప్పి చూడు. ఆ తర్వాతే పెద్దద్దాన్ని దాని గూట్లో పావు చుట్టు తిప్పి, వంకర దానితో పాటు తిరిగిందా లేదా చూడాలి. ఎవరితో తిరిగితే వాడే దొంగ.

ఇదంతా చెబుతుంటే వాడు "అద్దాలు సరిచూసే లేజర్ పెట్టి చూశానండీ, అంతా కరెక్టే" అన్నాడు. ఆ లేజర్‌ని పెట్టిన చోటే గుండ్రంగా తిప్పి చూడమన్నాను. ఎర్రచుక్క అద్దం మీద సున్నా చుట్టింది. అంటే లేజరే వంకర! సాధనాన్ని నమ్మి పరీక్షని నమ్మకపోవడం పెద్దవాళ్లకీ ఉన్న జబ్బే. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు అద్దం అంచు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునైంది. దాన్ని కొలిచిన గొప్ప పరికరంలోనే ఒక లెన్స్ 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట కూర్చుంది. వేరే పరీక్షలు తేడా చూపించినా, పెద్ద పరికరం ముందు వీటి లెక్కేమిటని పక్కన పడేశారు. చివరికి నిజం చెప్పింది చుక్కలే. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు అద్దాలు పెట్టి రావలసివచ్చింది.

మా వాడి చుక్క గుడ్డు కూడా కాదు, మూడు మూలల సమోసా. మూడు మూలలంటే ఇంక నేను చూడక్కర్లేదు. అద్దాన్ని పట్టుకునే క్లిప్పులు మూడు. కదలకూడదని ఎవరో వాటిని బిర్రుగా బిగించేశారు. గాజు గట్టిదే గానీ చుక్క దగ్గరికొచ్చేసరికి వెంట్రుకలో వందో వంతు వంగినా దొరికిపోతుంది. క్లిప్పు కింద కాగితం ముక్క దూరేంత సందు వదిలితే చాలు.

దానికి తోడు ఏసీ గదిలోంచి తెచ్చి అప్పుడే చూస్తాడు! చల్లటి గొట్టం, వేడి గాలి కలిసి లోపల సుళ్లు తిరుగుతుంటే ఏ అద్దం మాత్రం ఏం చేస్తుంది? మేము పొద్దుగూకే వేళకే డాబా మీద నీళ్లు చల్లి, టెలిస్కోపు బయట పెట్టి, అన్నం తిని వచ్చేవాళ్లం.

క్లిప్పులు వదులు చేశాక గంటాగి చూస్తే స్వాతి గుండ్రంగా వచ్చింది. "వావ్" అంటూ వాడు జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ వెలుగు నేరుగా నా కళ్లలో కొట్టింది. చీకటికి అలవాటు పడాలంటే ఇంకో అరగంట.