బోర్డెక్కిన అడవి

హైదరాబాద్‌లో అడవి ఎక్కడికీ పోలేదు. బోర్డులెక్కింది, అంతే.

ఇమ్లీబన్ బస్టాండులో దిగి చింతచెట్టు ఏదని అడిగి చూడండి. ఏ ప్లాట్‌ఫాం నుంచి, ఎన్నింటికి కదులుతుందో చెబుతారు.

జాంబాగ్, బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి... బాగులన్నీ బాగానే ఉన్నాయి. మొక్కలే బాల్కనీ కుండీల్లో సర్దుకున్నాయి.

తార్నాక ముచ్చట వేరు. అక్కడో పెద్ద తోట, దాని చుట్టూ తీగల కంచె, కాపలాకు నాకా ఉండేవట. భయమల్లా కాయల దొంగల గురించే. తోటకు తోటే మాయమైంది. కాపలా మాత్రం నేటికీ బస్సు బోర్డుపై డ్యూటీలో ఉంది!

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. పేరుకు అక్కర్లేదు. అందుకే కొన్ని శివారు వెంచర్లలో ముందు కొట్టేసి, తర్వాత నాటుతున్నారు. గేటు మీద, ఇత్తడి అక్షరాల్లో: ‘ఫలానా వనం, ఫేజ్-2’.